పేరున్న కాలేజీ, పేరులేని కాలేజీ

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు పొడుగునా చదువుల గేట్లున్నయి. రుద్రారం కాడ గీతం, కంది కాడ ఐఐటీ. అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఫార్మసీ కాలేజీలు. పొద్దుగాల ఇస్నాపూర్ చౌరస్తాల కాలేజీ బస్సులు, ఫ్యాక్టరీ బస్సులు ఒకదాని ఎనక ఒకటి ఆగుతయి. మా ఇంద్రేశం దిక్కు పిల్లల ముంగట ఈ రెండు బస్సులే ఉన్నట్టు పెద్దలు మాట్లాడుతరు. పైసలుంటే మొదటిది, లేకపోతే రెండోది. సర్కారు డిగ్రీ కాలేజీల బీఏ చదవడం అనేది ఇంకో దారి అని చెప్తే నవ్వుతరు. "ఆ కాలేజీకి పేరేమున్నది?" అంటరు.

తెలుగులో పేరు అనే మాటకు రెండర్థాలున్నయి. మనిషిని పిలిచేదీ పేరే, మనిషికి దక్కే గౌరవమూ పేరే. దళితులకు ఈ రెండింటితోనీ లడాయే. మా ముత్తాత ఇంట్ల ఎల్లయ్య, దొర వాకిట్ల ఎల్లిగాడు. మనిషి పేరునే సగం కోసిన సమాజం ఆ మనిషి మునిమనుమలు చదివే కాలేజీకి నిండు పేరు ఇస్తదా? అందుకే ఒక చిన్న ఆర్ట్స్ కాలేజీ మంచిదా కాదా అని తూకం వెయ్యాలంటే ముందు తక్కెడ ఎవరి చేతిల ఉన్నదో చూడాలె. నేను హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే టీచర్ని. కాబట్టి చరిత్ర నుంచే చూస్త. నా బతుకు కూడా అందుల కలిసే ఉంటది.

మాది మాదిగ ఇల్లు. మా నాయినమ్మ కాలం దాకా ఊరి చాకిరి. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చినంక మా నాయిన తరం ఫ్యాక్టరీ బాట పట్టింది. దొర పొలం పోయి రసాయనాల డ్రమ్ములు వచ్చినయి. నక్కవాగు నీళ్లు పాడైనయి. ఈ ప్రాంతం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుల కేసు పడ్డది, డాక్టర్ కిషన్‌రావు లాంటోళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. మా నాయిన కాంట్రాక్టరు కింద ఒక మందుల ఫ్యాక్టరీల పనిచేసిండు. పర్మినెంటు ఎన్నడూ కాలే. పని నుంచి వస్తే ఆయన బట్టలు అమ్మ ఇంట్లకు రానిచ్చేది కాదు, బయట వేరే బకెట్ల నానబెట్టేది. ఆయనకు నా మీద ఒకటే ఆశ. "గేటు పాసు లేకుంట లోపలికి పొయ్యే కొలువు చెయ్యాలె బిడ్డా" అనేటోడు.

2006లో నా ఇంటర్ అయిపోయింది. బీఏల చేరిన. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, తెలుగు మీడియం. ఇంద్రేశం నుంచి పటాన్‌చెరుకు ఆటో, ఆడ్నుంచి ఆర్టీసీ బస్సు, చేతిల స్టూడెంట్ పాసు. మా వాడల డిగ్రీ దాకా పోయిన మొదటి ఆడపిల్లను నేనే. "బీఏ చదివితే ఏ ఫ్యాక్టరీల తీసుకుంటరు?" అని మా మేనమామ అడిగిండు. ఆయన అడగడంల తప్పు లేదు. ఈ ప్రాంతంల చదువుకు కొలత అదే. బీఎస్సీ కెమిస్ట్రీ అయితే కెమిస్టు, ఐటీఐ అయితే ఫిట్టరు, బీఏ అయితే ఏదీ గాదు.

నేను చదివిన కాలేజీ పేరు ఇక్కడ రాస్తలేను. దాని లోపాలు చెప్పాలె, ఆ లోపాలు ఒక్క కాలేజీవి గావు. అటువంటి కాలేజీలు మన రాష్ట్రంల చాలానే ఉన్నయి, ఈ పుస్తకం చదివేటోళ్లల్ల కూడా చాలామంది అందులనే చదివి ఉంటరు.

లోపాలు దాచిపెడితే తూకం దొంగతూకం అయితది. మూడు పేపర్లకు ఒక్క లెక్చరర్. రెండో సంవత్సరం అర్థశాస్త్రం సారు నడుమల బదిలీ అయితే పరీక్షల దాకా మళ్ల ఎవరూ రాలే. లైబ్రరీల బీరువాలున్నయి, లైబ్రేరియన్ లేడు, తాళంచెవి గుమాస్తా జేబుల ఉండేది. ఆడపిల్లలకు మూత్రశాల ఉన్నది, అందుల నీళ్లు లేవు. ఆ మూడేండ్లు మేం ఇంటికాడ నుంచి బయలుదేరేటప్పుడు నీళ్లు తాగకుంట పోయేది. తెలుగు అకాడమీ వేసిన పాఠ్యపుస్తకాలను ముగ్గురం కలిసి కొనుక్కొని వంతులు వేసుకొని చదివినం. ఇంగ్లీషుల నాలుగు మాటలు ధైర్యంగ మాట్లాడే అవకాశం ఆ మూడేండ్లల్ల ఒక్కనాడు రాలే.

ఇగ మంచి కూడా చెప్త. చరిత్ర చెప్పే సారు మొదటి సంవత్సరంలనే మాకు ఒక పని పెట్టిండు. "మీ ఊర్లె మీ వాడ ఏ దిక్కున ఉన్నది? బాయిలెన్ని? ఏ బాయిల ఎవరు నీళ్లు తోడుకునేది? మీ ఇంట్ల అందరికంటే పెద్దోళ్లను అడిగి రాసుకొని రండి" అన్నడు. నేను మా నాయినమ్మ దగ్గర కూసున్న. ఆమె వెట్టి గురించి చెప్పింది. నిజాం కాలంల ఊరికి అధికారులు వస్తే మా తాత వాళ్ల సామాను తలకెత్తుకొని పక్క ఊరి పొలిమేర దాకా మోసేటోడట. కూలి లేదు. కాదంటే దెబ్బలు. ఏడాదంతా చెప్పులు, మోట తోలు కుట్టి ఇస్తే కల్లంల ఇన్ని గింజలు. "ఇది రాసుకుంటవా? రాసుకోనీకి ఇండ్ల ఏమున్నది బిడ్డా?" అని నన్నే ఎదురడిగింది.

సారు ఆ కాగితాలు క్లాసుల మాతోనే చదివించిండు. వెట్టి గురించి మా పుస్తకంల ఉన్నది కొన్ని వాక్యాలే. క్లాసుల కూసున్నోళ్ల దగ్గర ఊరుకో కథ ఉన్నది. మాదిగ, మాల, గొల్ల, చాకలి, లంబాడ పిల్లలు, నలుగురైదుగురు ముస్లిం పిల్లలు. ఒకరి ఇంటి సంగతి ఒకరం విన్నం. మా ఇంట్ల జరిగింది కూడా చరిత్రేనని, దాన్ని అడిగి రాసే హక్కు నాకున్నదని ఆనాడు తెలిసింది. నీళ్లు లేని ఆ కాలేజీ నాకు ఇచ్చింది ఇదే. ఇది తక్కువదని నేను అనుకుంటలేను.

బీఎడ్ అయినంక ఒక ప్రైవేటు స్కూలుకు ఇంటర్వ్యూకు పోయిన. మార్కులు చూసి బాగున్నయన్నరు. తర్వాత కాలేజీ పేరు చదివి కాగితం పక్కకు పెట్టిండ్రు. "మా పేరెంట్స్ ఒప్పుకోరమ్మా" అన్నరు. 2012 డీఎస్సీల సెలెక్టయి సర్కారు టీచర్నయిన. ఆ పరీక్ష నన్ను ఏ కాలేజీ అని అడగలే, ఏమొచ్చో అడిగింది.

అసలు కాలేజీకి పేరు ఎట్ల వస్తది? మన పాత హైదరాబాద్ రాజ్యంల చూద్దాం.

నిజాం కాలేజీ 1887లో మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం, ఇంగ్లీషు చదువు. చదివింది ఎక్కువగా నవాబుల, జాగీర్దార్ల, పెద్ద ఉద్యోగుల పిల్లలు. పెద్దింటి పిల్లలు చదివిండ్రు కాబట్టి కాలేజీకి పేరు, కాలేజీకి పేరున్నది కాబట్టి మళ్ల పెద్దింటి పిల్లలు. ఈ గానుగ అట్లనే తిరిగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూల ఉన్నత విద్య చెప్పి, దేశభాషల కూడా పెద్ద చదువులు సాధ్యమేనని చూపెట్టిన గొప్ప ప్రయోగం అది. కానీ రాజ్యంల ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు. ఊరవతలి మాదిగ పిల్లగానికి ఇంగ్లీషు ఎంత దూరమో ఆ ఉర్దూ కూడా అంతే దూరం. ఈ పొద్దుకూ అందరూ ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ రాతిభవనాన్ని 1939లో తెరిచిండ్రు.

అదే కాలంల మనోళ్లు ఏం చేసిండ్రు? భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. 1910 నుంచి హైదరాబాద్ నగరంల ఆది హిందూ పిల్లలకు బడులు నడిపించిండు. 1917లో, ఉస్మానియా స్థాపనకు నిజాం ఫర్మానా ఇచ్చిన ఏడాదే, బెజవాడ సభకు అధ్యక్షుడై పంచములనే పేరు మనది గాదన్నడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. రాజ్యం విశ్వవిద్యాలయం కట్టుకున్న కాలంల మన పెద్దలు పలక బడులు పెట్టుకున్నరు, తమ పేరు తాము దిద్దుకున్నరు. భాగ్యరెడ్డి వర్మ 1939లో చనిపోయిండు. ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచింది కూడా ఆ ఏడాదే. పాఠ్యపుస్తకాలల్ల భవనం ఫొటో ఉంటది, బడుల ముచ్చట వెతుక్కోవాలె.

పలక బడి నుంచి కాలేజీ దాకా పోయిన కథ మన పాత రాజ్యంలనే ఇంకొకటున్నది. మనం దాన్ని మరాఠీవాళ్ల కథ అనుకొని వదిలేస్తం. ఔరంగాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంల భాగమే. అక్కడ 1950లో అంబేడ్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున ఒక కాలేజీ తెరిచిండు. ఆ సొసైటీని ఆయన 1945లో పెట్టిండు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలుపెట్టిండు. రెండో అడుగు ఔరంగాబాద్‌లో వేసిండు. 1951 సెప్టెంబర్ 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిండు. అదే మిళింద్ కాలేజీ. దాని ఆవరణకు నాగసేనవనం అని పేరు. మరాఠ్వాడాకు సొంత విశ్వవిద్యాలయం 1958లో వచ్చింది. అంతకుముందు ఆ కాలేజీ ఉస్మానియాకు అనుబంధంగనే నడిచింది.

ఆ పేరు గురించి ఆలోచించండి. మిళిందుడంటే గ్రీకు రాజు మినాండర్. బౌద్ధ భిక్షువు నాగసేనుడిని ప్రశ్న మీద ప్రశ్న అడిగి, వాదంల నెగ్గలేక ఆయన మాట ఒప్పుకున్న రాజు. కాలేజీలకు దాతల పేర్లు, దొరల పేర్లు, దేవుళ్ల పేర్లు పెట్టే దేశంల అంబేడ్కర్ ప్రశ్న అడిగిన మనిషి పేరు ఎంచుకున్నడు. ఈ కాలేజీల పని ఏమిటో ఆ పేరుల్నే ఉన్నది.

మిళింద్‌కు వచ్చిన పిల్లల్లో చాలామంది ఇంట్ల అక్షరం ఎరగనోళ్లు. ఊర్ల నుంచి వచ్చినోళ్లకు హాస్టళ్లు పెట్టిండ్రు. ఎం.బి. చిట్నీస్, ఆ తర్వాత ఎం.ఎన్. వాంఖడే లాంటోళ్లు ప్రిన్సిపాళ్లుగా పనిచేసిండ్రు. అక్కడ మరాఠీ చెప్పిన గంగాధర్ పంతావణే 1960ల చివరన అస్మితాదర్శ్ పత్రికను నిలబెట్టిండు. మరాఠీ దళిత రచయితలకు అది ఇల్లయింది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టేనాటికి ఆ సాహిత్యం తన కాళ్ల మీద తాను నిలబడ్డది. మన తెలుగు దళిత సాహిత్యం కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత చిక్కబడుతున్నప్పుడు మనం మరాఠీ దిక్కు చూసి ధైర్యం తెచ్చుకున్నం. ఆ మరాఠీ ధైర్యంల ఒక పాలు మన పాత రాజ్యంల పుట్టిన ఒక చిన్న కాలేజీది.

చేరేటప్పుడు వచ్చిన మార్కులతోని తూచితే మిళింద్ పేరున్న కాలేజీల లైనుల ఎక్కడ నిలబడేదో చెప్పనక్కర లేదు. అండ్ల నుంచి బయటికొచ్చినోళ్లు చేసిన పనితోని తూచితే ఒక భాష సాహిత్యమే దారి మార్చుకున్నది. కాలేజీ అదే, తక్కెడ మారింది.

పేరు కోసం ఎంత దూరం పోవాల్సి వస్తదో కూడా ఆ ఊరే చెప్పింది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978 జూలైలో మహారాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఊర్లల్ల దళితవాడలు తగలబడ్డయి, మనుషులు సచ్చిపోయిండ్రు. చివరికి 1994 జనవరి 14న ఆ పేరు వచ్చింది, పాత పేరుతోని కలిపి. పట్టా కాగితం మీద ఎవరి పేరుండాలె అనేదానికి పదిహేనేండ్లకు పైగా కొట్లాట. కాలేజీ పేరుల కులం లేదనేటోళ్లు ఈ కథ ఒకసారి చదవాలె.

ఇప్పుడు మా మేనమామ ప్రశ్నకు వస్త. ఫ్యాక్టరీల పక్కన పుట్టిన పిల్లలకు చరిత్ర, రాజనీతి ఎందుకు?

లిబరల్ ఆర్ట్స్ అనే మాట రోమన్ల కాలం నాటిది. లాటిన్‌ల లిబర్ అంటే స్వేచ్ఛ ఉన్నోడు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, లెక్కలు, ఇవి స్వేచ్ఛ ఉన్నోడు నేర్వాల్సిన విద్యలు. చేతిపని బానిసల పాలు. మన దగ్గర ఇదే పంపకం పుట్టుకతోని జరిగింది, ధర్మం పేరుతోని జరిగింది. కాబట్టి "మీ పిల్లలకు ఏదన్నా పని నేర్పే చదువు చాలు" అని ఎవరన్నా సలహా ఇస్తే అది ఎంత పాత సలహానో మనకు తెలిసి ఉండాలె.

అమెరికాల నల్లజాతి జనం ముంగటికి కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినంక వాళ్ల పిల్లలకు ఏం చదువు కావాలన్న వాదం లేచింది. బుకర్ టి. వాషింగ్టన్ 1881లో టస్కెగీలో చేతిపనుల చదువు మొదలుపెట్టి, ముందు పని నేర్చుకుందాం, మిగతా హక్కులు తర్వాత అడుగుదాం అన్నడు. డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్ దాన్ని ఎదిరించిండు. పని నేర్పడం మంచిదే, చరిత్ర, సాహిత్యం, తత్వం చదివినోళ్లు మనలో లేకపోతే ఓటు హక్కూ రాదు, మనిషిగ గౌరవమూ రాదు అన్నది ఆయన వాదం. ఆ డుబాయ్ 1888లో పట్టా తీసుకున్నది ఫిస్క్ అనే కాలేజీలో. బానిసత్వం పోయిన మరుసటి సంవత్సరం, 1866లో, విడుదలైనోళ్ల పిల్లల కోసం మొదలైన చిన్న కాలేజీ అది. తర్వాత ఆయన హార్వర్డ్‌కు పోయి 1895లో అక్కడ డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి మనిషి అయిండు. హార్వర్డ్ పేరు లోకమంతా తెలుసు. ఆయనకు మొదట తలుపు తీసింది ఫిస్క్. 1946లో అంబేడ్కర్ ఈ డుబాయ్‌కు ఉత్తరం రాసిండు, ఆయన జవాబిచ్చిండు.

ఇక్కడ ఒక ఎదురువాదం ఉన్నది. దాన్ని దాటేసి పోవద్దు. అంబేడ్కర్ 1942లో వైస్రాయ్‌కు ఇచ్చిన వినతిపత్రంల ఆర్ట్స్, లా చదువులు ఎస్సీలకు పెద్దగ పనికిరావని, ఖర్చెక్కువైన సైన్సు, టెక్నాలజీ ఉన్నత చదువులకు సర్కారు డబ్బు పెట్టాలని అడిగిండు. ఈ మాట పట్టుకొని "బాబాసాహెబే బీఏ వద్దన్నడు" అనేటోళ్లున్నరు. ఆయన అడిగింది ఏమిటో చూడాలె. మనకు దక్కకుండా దాచిపెట్టిన చదువును ఆయన అడిగిండు. ఐటీఐతోని సరిపెట్టుకొమ్మని ఆయన ఎక్కడా చెప్పలే. ఆయన స్వయంగా 1912లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీల అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రంతోని బీఏ చేసినోడు. ఎనిమిదేండ్ల తర్వాత ఔరంగాబాద్‌లో పెట్టిన కాలేజీల ఆర్ట్స్, సైన్సు రెండూ ఉన్నయి. మన పిల్లలకు ల్యాబ్ కావాలె, లైబ్రరీ కావాలె. ఒకటి ఇచ్చి రెండోది ఎందుకు అని అడిగే అధికారం ఎవరికీ లేదు.

ఇంకో తమాషా చూడండి. మా వాడ పిల్ల సర్కారు కాలేజీల చరిత్ర, అర్థశాస్త్రం చదివితే "ఏం పనికొస్తది" అంటరు. అవే సబ్జెక్టులు లిబరల్ ఆర్ట్స్ అనే ఇంగ్లీషు పేరుతోని లక్షల ఫీజుకు దొరుకుతున్నయి. హర్యానా సోనీపత్‌లో 2014లో మొదలైన అశోకా యూనివర్సిటీ, ఆంధ్రప్రదేశ్ శ్రీసిటీలో 2018లో ఏర్పడిన క్రియా యూనివర్సిటీ దానికే పేరు పొందినయి. మా కంది ఐఐటీల కూడా లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉన్నది. ఆ చదువు మంచిదే, అక్కడ స్కాలర్‌షిప్‌లు కూడా ఇస్తరు. నేను అడిగేది ఒక్కటే. పెద్ద కంపెనీలకు మేనేజర్లు కాబోయే పిల్లలకు తర్కం, చరిత్ర, సాహిత్యం అంత అవసరమైతే, ఆ కంపెనీల డ్రమ్ములు మోసినోళ్ల పిల్లలకు ఎట్ల అనవసరం అయింది?

పేరున్న చోటు మనోళ్లకు నీడ ఇస్తదన్న భరోసా కూడా లేదు. పటాన్‌చెరు నుంచి లింగంపల్లి దాటితే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. దేశంల పేరున్నదే. అక్కడ హాస్టల్ నుంచి పంపేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు బయట టెంటు వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నరు. ఆ ఐదుగురిలో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న చనిపోయిండు. పేరున్న విశ్వవిద్యాలయాలకు మన పిల్లలు పోవద్దని నేను అంటలేను. పోవాలె, వాటిని మార్చాలె. కానీ కాలేజీ మంచిదా అని అడిగినప్పుడు "మనోళ్లు అండ్ల తల ఎత్తుకొని ఉండగలిగిండ్రా" అన్న ప్రశ్న కూడా తక్కెడల పడాలె.

కాలేజీలను తూచేటందుకు సర్కారుకు తన తక్కెడలున్నయి. 1994లో న్యాక్ వచ్చింది, గ్రేడులిస్తది. 2015లో ఎన్ఐఆర్ఎఫ్ వచ్చింది, ఏటా ర్యాంకులిస్తది. ఈ ర్యాంకుల కొలతల్లో వెనుకబడినోళ్లకు చోటిచ్చిండ్రా అనేది ఒకటున్నది, మంచిదే. జనం ఏమనుకుంటున్నరు అనేది కూడా ఒక కొలతే. అంటే పేరున్నోడికి పేరుకే మార్కులు. ఒక పిల్ల ఏ మెట్టు మీద నుంచి బయలుదేరి ఏ మెట్టు దాకా వచ్చింది అనేది మాత్రం ఈ లెక్కల్ల సరిగ్గ దొరకదు. వెట్టి చేసిన ఇంటి నుంచి బడిల పాఠం చెప్పే కుర్చీ దాకా ఉన్న దూరాన్ని ఏ గ్రేడు చూపెట్టలేదు.

అందుకని నేను మా బడి పిల్లలకు కాలేజీ చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగమని చెప్త. ఇంట్ల మొదటిసారి డిగ్రీకి వచ్చినోళ్లు అక్కడ ఎంతమంది? చేరినోళ్లల్ల నడుమల మానేసినోళ్లు ఎంతమంది, ఎందుకు మానేసిండ్రు? క్లాసుల లేచి ప్రశ్న అడిగితే వినేటోళ్లున్నరా? అక్కడ చదివి బయటికొచ్చినోళ్లు తిరిగి ఊరికి, వాడకు ఏమైనా చేసిండ్రా? గేటు ఎత్తు, బస్సు రంగు, ఫ్లెక్సీల మీద ఫొటోలు ఈ నాలుగింటి తర్వాత.

ఇట్ల అన్నంత మాత్రాన సర్కారు కాలేజీల లోపాలు మాఫీ గావు. "పేదోళ్ల కాలేజీ గదా, ఇంతే ఉంటది" అనేది మనల్ని మోసం చేసే మాట. మిళింద్ పేదోళ్ల కాలేజీయే. అక్కడ హాస్టళ్లున్నయి, చదివిన అధ్యాపకులున్నరు, రాసేటందుకు పత్రిక పుట్టింది. పేదోళ్లకు పెట్టేది కాబట్టి మంచిగ పెట్టాలన్నది అంబేడ్కర్ లెక్క. 2016లో మన రాష్ట్రంల సాంఘిక సంక్షేమ గురుకులాల కింద 30 మహిళా డిగ్రీ కాలేజీలు పెట్టిండ్రు. మా జిల్లాల మునిపల్లి మండలం బుధేరల కూడా ఒకటున్నది. తిండి, ఉండేచోటు, చదువు ఒక్కతాన దొరికితే ఆడపిల్లకు పెండ్లి మూడేండ్లన్నా ఆగుతది. ఈ కాలేజీల విలువ తెలియాలంటే ఆ ఆగిన పెండ్లిళ్ల లెక్క కూడా తియ్యాలె.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, మా దిక్కు బీఏ గ్రూపులు పలుచబడుతున్నయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక పిల్లలు ఇంజనీరింగ్ దిక్కు మళ్లిండ్రు. మన పిల్లలు ఇంజనీర్లు కావడం సంతోషమే. 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ ఆన్‌లైన్ పద్ధతిల నిండుతున్నయి. చేరేటోళ్లు తగ్గిన గ్రూపు ఎన్ని రోజులుంటదో చెప్పలేం. ఒకసారి గ్రూపు పోతే పోస్టు పోతది, పోస్టు పోతే ఆ సబ్జెక్టు చెప్పే మనిషే ఆ ఊరికి రాడు.

నా దగ్గర పదో తరగతి చదివిన మా వాడ పిల్ల ఇంటర్ మంచి మార్కులతోని పాసై బీఏ చదువుతనన్నది. వాళ్ల నాయిన నా దగ్గరికి వచ్చిండు. "అక్కా, బీఏ చదివితే నీ లెక్క టీచరైతదా?" అని అడిగిండు. అబద్ధం చెప్పలేను. డీఎస్సీ 2012 తర్వాత మళ్ల 2017లో, దాని తర్వాత 2024లో వచ్చింది. "టీచరైతదో కాదో చెప్పలేను తమ్మీ. కానీ నీ కాంట్రాక్టరు సంతకం పెట్టమన్న కాగితంల ఏమున్నదో చదివి నీకు చెప్తది. నీకు రావాల్సిన పీఎఫ్ ఎక్కడ పోయిందో అడుగుతది. అడిగే తీరు ఆ చదువు నేర్పుతది" అన్న. ఆయన కొద్దిసేపు ఏం మాట్లాడలే. "మరి ఆ కాలేజీల చెప్పేటోళ్లున్నరా?" అన్నడు. అది సరైన ప్రశ్న. ఆ ప్రశ్న ఆయన ఒక్కడు అడిగితే చాలదు.

విద్యార్థి సంఘాల మిత్రులు, దళిత సంఘాల మిత్రులు విశ్వవిద్యాలయాల మీద పెట్టిన దృష్టిల కొంత ఈ చిన్న కాలేజీల మీద పెట్టాలె. ఖాళీ పోస్టులెన్ని, లైబ్రరీ తెరుస్తున్నరా, ఆడపిల్లలకు నీళ్లొస్తున్నయా, ఏ గ్రూపు పోయే దశల ఉన్నది, ఈ సంగతులు అడిగేటోళ్లు కావాలె. ఎండకాలంల దోస్త్ మొదలు కాకముందే వాడవాడకు తిరిగి ఇంటర్ అయిన పిల్లల ఇండ్లల్ల కూసొని మాట్లాడాలె. ఇంకో పని కూడా ఉన్నది. మీ దగ్గరి డిగ్రీ కాలేజీల పాత రిజిస్టర్లు అడిగి చూడండి. ఏ ఊరి, ఏ వాడ మొదటి పట్టభద్రులు అండ్ల నుంచి వచ్చిండ్రో ఒక్కొక్క పేరు రాసుకోండి. ఇంటిపేరుతోని సహా నిండు పేరు రాయండి. ఆ కాలేజీకి పేరేమున్నదని ఎవరన్నా అడిగితే ఆ కాగితం ముంగట పెట్టొచ్చు.